రెండు బళ్లు మారే యూనివర్సిటీ

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజుల్లో నేను ఎమ్మే హిస్టరీ చేస్తానన్నాను. భిలాయిలో అలాంటి మాట ఇంజనీరింగ్ సీటు రాని పిల్లలు కూడా అనరు. స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసే మా నాన్న చాలాసేపు ఆలోచించి, "ప్లాంటులో హిస్టరీ డిపార్ట్‌మెంటు లేదు కదే" అన్నాడు.

సీటొచ్చిన మూడు యూనివర్సిటీల్లో ఎక్కడ చేరాలో తేల్చడానికి ఆదివారం చర్చి అయ్యాక మావయ్య మరోదా సెక్టార్లోని మా క్వార్టర్‌కి వచ్చాడు. ఆయన రైల్వేలో గార్డు. పాఠాలెవరు చెబుతారు, లైబ్రరీ ఎలా ఉంటుంది అన్న గొడవే ఆయనకు లేదు. దేశంలోని చదువులన్నిటినీ రైలు మారాలా వద్దా అన్న ఒక్క లెక్కతో తూచేశాడు.

"రాయపూరైతే లోకల్లో ఎళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తావు. వాల్తేరైతే బండెక్కి పడుకోడమే. ఆ మూడోది ఛోడో! రెండు బళ్లు మారాలి. అదీ ఒక యూనివర్సిటీయేనేటి?"

అప్పటిదాకా నాకూ ఏదీ తేలలేదు. ఆ మాటతో తేలిపోయింది. రెండు బళ్లు మారి నన్ను చూడ్డానికి మావాళ్లెవరూ రారు. ఇంతకన్నా గొప్ప విద్యాలయం భూమ్మీద ఉంటుందా? అందులోనే చేరాను.

నెల తిరక్కముందే హాస్టల్ గేటు దగ్గర మావయ్య, అత్తయ్య, అమ్మమ్మ హోల్డాల్‌తో సహా ప్రత్యక్షమయ్యారు.

"రెండు బళ్లు మారాలన్నావు కదా మావయ్యా?" అన్నాను నీరసంగా.

"మారితే ఏటే? రైల్వే పాసుంది కదా!" అన్నాడు మావయ్య. "ఈ ఏడాదికింకా రెండు పాసులున్నాయి."