తెర వైపు చెవి

తాండూరులో నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ ఏ మాటకూ వెంటనే జవాబు చెప్పేది కాదు. ముందు లోపలి గదికి వేలాడే తెర వైపు చెవి ఒగ్గేది. ఆ తర్వాతే నోరు విప్పేది.

వయసులో ఉన్నప్పుడు ఆమె ఊరూరా తిరిగి నాటకాలాడింది. తెర చాటున నిలబడి మాటలు అందించే మనిషినే పెళ్లి చేసుకుంది. పెళ్లయ్యాక ఆయన నాటకాలు మాన్పించాడు కానీ, మాటలు అందించడం మాత్రం మానలేదు. ఆయన పోయి ఆరేళ్లయినా ఆమె అలవాటు పోలేదు. నేను పొద్దున వికారాబాద్‌ బడిలో పాఠాలు చెప్పడానికి బయలుదేరుతూ, "కూరగాయలేం తేవాలె పెద్దమ్మా?" అని అడిగితే, తెర వైపు కాసేపు విని, "వంకాయలు తెమ్మంటుండు" అనేది. నేను నవ్వుకునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం టీవీలో పాత పాటల సినిమా చూస్తున్నాం. నాటకాల్లో పాడే అమ్మాయి, ఆమె పెళ్లి, ఆగిపోయిన పాట. సినిమా సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఎండకని కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

"నాటకాలు ఇడిసిపెట్టినందుకు ఎన్నడన్న బాధయిందా పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె చెవి ఒగ్గింది. గాలే లేని ఆ ఇంట్లో తెర మెల్లగా మా వైపు ఉబ్బింది, ఎవరో మాట మొదలుపెట్టడానికి ఊపిరి తీసుకున్నట్టు. చాలాసేపు అట్లాగే నిలిచి, మళ్లీ అణిగిపోయింది.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. ఆ కళ్లలో మొదటిసారి భయం చూశాను.

"గీ మాట ఆయన అందిస్తలేడు బిడ్డా," అంది. "నేనేం చెప్పాలె?"