జానకీబాయి నీళ్లకు మూడు పనులు

ఎనభై నాలుగో సంవత్సరం ఏప్రిల్ పదకొండో తారీఖున, పొద్దున ఏడుంబావుకు, నేను ఒంటినిండా సబ్బు నురగతో నిలబడి ఒక సొరపాదుకు క్షమాపణ చెప్పుకున్నాను.

తప్పు నాదే. వేములవాడ దారిలో ఒక ఊరికి పోస్టుమాస్టరుగా వచ్చి అప్పటికి రెండో రోజు. ఊరి పేరు చెప్పను. పోస్టాఫీసు జానకీబాయి గారి ఇంటి ముందు గదిలో ఉండేది, నేను వెనక గదిలో ఉండేవాణ్ని. స్నానానికి పెరట్లో తాటాకుల తడిక. ఒంటికి సబ్బు పట్టించేసరికి బకెట్ ఖాళీ అయింది.

"అమ్మా, ఇంకో బకెట్ నీళ్లు..." అని తడిక లోంచి పిలిచాను.

"సబ్బు ఎంత రుద్దినవ్ బిడ్డా?" అని అవతల నుంచి ప్రశ్న.

"జరంత."

"జరంతనా? గీ కాలువల నురగ గుట్టలు గుట్టలు పోతున్నది. సొరపాదు నిన్ననే పూత వట్టింది. దానికి తప్పయిందని చెప్పు, బకెట్ ఇస్త."

"ఎవరికి చెప్పాలె?"

"పాదుకు."

కళ్లల్లో సబ్బు మండుతుంటే మనిషికి అభిమానం ఎక్కువసేపు ఉండదు. చెప్పాను. తడిక మీదుగా బకెట్ వచ్చింది.

జానకీబాయి గారికి లోకంలో ఒకటే పట్టింపు. ఆమె ఇంట్లో ఏ నీళ్లయినా సరే, మూడు పనులు చేయనిదే నేలను తాకకూడదు. బియ్యం కడిగిన నీళ్లు ఎంగిలి గిన్నెలు తొలిచేవి. తొలిచిన నీళ్లు బర్రె కుడితిలో కలిసేవి. బర్రె తాగగా తొట్టి అడుగున మిగిలింది కరివేపాకు చెట్టుకు పోయేది. తాగునీళ్ల రంజన్ కింద ఒక సత్తు గిన్నె ఉండేది. కుండకు పట్టిన చెమటను కూడా ఆమె వదలలేదు. చేతిలో చెంబుతో ఎవరు ఎదురుపడినా ఆమె అడిగేది ఒక్కటే: "గీ నీళ్లు ఎన్నో పని మీదున్నయి?"

జవాబు తడబడితే చెంబు తిరిగి లోపలికే.

ఆమె మరిది కొండల్‌రావు గారు ఊరికి పెద్దమనిషి. పంచాయతీలో ఆయన దగ్గితే చర్చ ఆగేది. అంతటి మనిషి ఒకరోజు వదినగారింట్లో భోజనం చేసి, అరుగు మీద నిలబడి, గ్లాసెడు నీళ్లు ఒక్కసారిగా పుక్కిలించి వాకిట్లోకి ఉమిశారు. జానకీబాయి గారు ఆ తడి మరకను చాలాసేపు చూశారు.

"కొండల్‌రావ్, గా గ్లాసెడు నీళ్లు ఒక్క పని గూడ సక్కగ చెయ్యలే. నీ మూతికింకా పప్పున్నది."

అప్పటినుంచి ఆయన వదినగారింట్లో భోంచేసి, పుక్కిలించడానికి తన ఇంటికి నడిచి వెళ్లేవారు. దారిలో ఎవరు పలకరించినా నోట్లో నీళ్లతో బుగ్గలు బిగించుకుని తలూపేవారు.

ప్రభుత్వానికి కూడా మినహాయింపు లేదు. తపాలా బిళ్లలు తడిపి అంటించడానికి నా బల్ల మీద నీళ్ల గిన్నె ఒకటి ఉండేది. నేను లేనప్పుడు జానకీబాయి గారు అందులో గంజి పోసేవారు. గంజి మంచిగా అంటుకునేది, అది నిజం. చీమలకు కూడా నచ్చేది. కరీంనగర్ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి, ఉత్తరాల సంచి వైపు బారులు తీరిన చీమలను చూసి, "ఇదేందయ్యా?" అన్నాడు.

"గంజి సార్" అన్నాను.

"మూడో పని సార్!" అని లోపలి నుంచి జానకీబాయి గారు కేకేశారు.

ఆయన తనిఖీ పుస్తకంలో నా గురించి రెండు వాక్యాలు రాశాడు. వాటిని ఇక్కడ తిరిగి రాయను.

ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. "ఎందుకమ్మా గింత పట్టింపు? బావిల నీళ్లున్నయి గద."

ఆమె బర్రె వీపు మీద తడిగుడ్డ పరుస్తున్నారు. "నేను గీ ఇంటికి కోడలిగ వచ్చిన్నాడు మిరుగం కార్తె, తొలి వాన. బండి దిగి గడపదాక నడిచేవరకు పట్టుచీర పిండుకునేటట్టు తడిసిన. మా అత్త కోపానికొచ్చింది. ఇప్పుడు మిరుగం నాడు వాకిట్ల చెప్పులిడిస్తే మళ్ల తొడుక్కునెటట్టు లేదు, కాలుతయి. అప్పట్ల ఎండ చుట్టమసుంటిది. వచ్చేది, నాలుగొద్దులుండి పోయేది. ఇప్పుడు కిరాయికి దిగింది బిడ్డా. ఖాళీ చెయ్యమంటే చేస్తలేదు." అని నావైపు చూసి, "నీ తీర్గనే" అన్నారు.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం సంగతి. గల్ఫ్ ఉత్తరాలు మాకు మంగళవారం వచ్చేవి. ఆ రోజు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి పోస్టాఫీసు ముందు నిలబడేవారు. దుబాయి, మస్కట్‌లలో ఉన్న మొగవాళ్ల క్షేమం ఆ సంచిలోనే ఉండేది. మా గది చిన్నది. "సంచి విప్పి, ఉత్తరాలు విడదీసేదాక బయట ఆగున్రి, గుంపు చెయ్యకున్రి" అని చెప్పి, వడగాలి రాకుండా కిటికీ మూసుకుని, దానికి తడిపిన గోనెపట్టా కట్టుకున్నాను. కొంతసేపటికి బయట ధబ్బున చప్పుడైంది.

"ఏందమ్మా అది?" అని లోపలినుంచే అడిగాను.

"ఏం లేదు. బర్రె ఒరిగింది. ఎండ తాకింది దానికి. నీ పని నువ్వు చూస్కో" అని జానకీబాయి గారి గొంతు.

నా పని నేను చూసుకున్నాను.

మరునాడు పొద్దున ఆమె గడ్డపార పట్టుకుని పోస్టాఫీసు ముందు మొరం నేలలో గుంతలు తవ్వడం మొదలుపెట్టారు. తొలి వానకు వాటిలో కానుగ మొక్కలు నాటారు. కానుగను మేకలు ముట్టవట. ప్రతి మొక్క పక్కన ఒక కుండ పాతారు. కుండ అడుగున చిన్న బొక్క, అందులోంచి పాత చీర పేలికతో పేనిన వత్తి. కుండలో నీళ్లు పోసి మూత పెడితే వత్తి వెంట చెమ్మ చుక్క చుక్కగా వేరుకు అందుతుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. దీపం చూసి తోచిందట. "వత్తి నూనెను పైకి గుంజుతది గద, నీళ్లను కిందికి దించదా?" అన్నారు.

మొక్కలు లెక్కపెట్టాను. పదకొండు.

"ఎవరికమ్మా ఇన్ని చెట్లు?"

"నా బర్రెకు నీడ."

"ఒక్క బర్రెకు పదకొండు చెట్లా?"

"దాని మనసు నిలకడగ ఉండది" అన్నారు జానకీబాయి గారు.

ఎనభై ఆరులో కరువు ముదిరింది. బావి తాడుకు ప్రతి వారం మూరెడు తాడు ముడేశాం. ఆ ఏడు వేసిన సొరపాదు ఎండిపోయింది, నేను తలవంచుకుని చూశాను, దానికీ నాకూ అప్పటికి స్నేహం కుదిరింది. జానకీబాయి గారు నా స్నానం బకెట్‌ను అర బకెట్ చేశారు. సబ్బు పెట్టెకు తాళం పడింది. ఆమెకు ఉన్నది ఒకటే ఫికరు: వాన పడేదాకా ఆ పదకొండు మొక్కలు బతకాలి. అవి అప్పటికి మనిషి ఎత్తు పెరిగి, ఒక్కోటి గొడుగంత నీడ ఇస్తున్నాయి. కానీ ఆకులు వాలిపోయాయి. కుండలు అడుగంటాయి.

మిరుగం పోయింది. ఆరుద్ర వచ్చింది. మబ్బు రాలేదు. ఊరు కప్పతల్లి ఆటకు సిద్ధమైంది.

మా వైపు వానలు పడకపోతే ఇలా చేస్తారు. ఒక కప్పను తడిగుడ్డలో వేపాకులతో కలిపి రోకలికి కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ ఆ కప్ప మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తుంది. ఊళ్లో అరవై గడపలు.

ముందురోజు సాయంత్రం జానకీబాయి గారు ఆ అరవై బిందెలను తలుచుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగారు. తెల్లవారి అటక మీద నుంచి పెద్ద ఇత్తడి గంగాళం దింపారు.

"బిడ్డా, గీ గంగాళానికి నువ్వొక చెవి వట్టు, నేనొక చెవి వడ్త."

"ఎక్కడికమ్మా?"

"కప్ప కిందికి."

అలా ఆ రోజు మన దేశ తపాలా వ్యవస్థ రెండు గంటలపాటు ఒక కప్ప కింద వంగి నడిచింది. రోకలి ఎటు తిరిగితే మేమూ అటు తిరిగాం. బిందె కుమ్మరించినప్పుడు సగం నీళ్లు గంగాళంలో, పావు నీళ్లు నా నెత్తిన పడేవి. మిగతా పావు నేలపాలవుతుంటే ఆమె నన్ను కోప్పడేవారు. "నెత్తి అడ్డం తియ్యి! నీ నెత్తి మీద మొలిచేదేమున్నది?" గంగాళం నిండినప్పుడల్లా ఊరేగింపును ఆపించి, మోసుకెళ్లి కుండల్లో పోసి వచ్చేవాళ్లం. కప్ప మాత్రం ఏమీ అనలేదు.

కొండల్‌రావు గారు తన గడప దగ్గర ఆటకు అడ్డం నిలబడ్డారు.

"వదినా, కప్పతల్లి నీళ్లు నేల తాకాలె. అప్పుడే మబ్బు దిగుతది. నువ్వు నడుమ గంగాళం వెడితే వానెట్ల వస్తది?"

"కప్ప తడిసిందా లేదా?"

"తడిసింది."

"అయితే కప్ప పని అయిపోయింది. నీళ్లకింకా రెండు పనులున్నయి. జరుగు."

"వారంల వాన రాకుంటే నీదే జిమ్మేదారి!"

"సరే" అన్నారు ఆమె, ఉప్పు అప్పు ఇచ్చినంత తేలికగా.

వారం గడిచింది. వాన రాలేదు. మంగళవారం పొద్దున కొండల్‌రావు గారు గడ్డపార పట్టుకుని, వెనక పదిమందితో పోస్టాఫీసు ముందుకు వచ్చారు. కుండలన్నీ తవ్వి, కప్పతల్లి నీళ్లను నేల మీద పారబోయాలని ఊరి తీర్మానం. జానకీబాయి గారు గడపలో నిలబడ్డారు. ఊరికి వాన కావాలి. ఆమెకూ వాన కావాలి. ఏం వాదిస్తారు?

ఆయన మొదటి కుండ మూత తీశారు. అప్పుడు నీడలో నిలబడ్డ ఆడవాళ్లలోంచి భూమవ్వ ముందుకు వచ్చింది. ఆమె భర్త రాయమల్లు మస్కట్‌లో ఉంటాడు. చంకలో రెండేళ్ల పిల్ల, చేతిలో చెంబు.

"దొరా, గా కుండ ముట్టకు" అంది.

"ఊరందరి కోసం చేస్తున్నం, పక్కకు జరుగు."

"రెండేండ్ల కింద గీడనే పడిపోయిన దొరా. గిప్పుడు నువ్వు నిలబడ్డ జాగల్నే. గీ పిల్ల అప్పుడు కడుపుల ఉన్నది, ఏడు నెలలు. ఉత్తరం వస్తదని పొద్దటిసంది ఎండల నిలబడ్డ. కండ్లు తిరిగి ధబ్బున పడ్డ. దొరసానమ్మ రెక్కలల్ల ఎత్తుకోని లోపటికి తీస్కపోయింది. తెల్లారి గుంతలు తవ్వింది. ఎన్ని తవ్విందో ఎర్కేనా? ఆ పొద్దు ఎండల నిలబడ్డోళ్లం పదకొండు మందిమి."

భూమవ్వ చెంబు ఎత్తి చూపించింది. "మేం వచ్చినప్పుడల్లా తలా చెంబెడు తెచ్చి గీ కుండలల్ల పోస్తున్నం. బియ్యం కడిగినయి. గిండ్ల ఉన్నయి కప్పతల్లి నీళ్లొక్కటే కాదు దొరా, మావి గూడ ఉన్నయి. వాటినెట్ల పారబోస్తవ్?"

ఆ చెంబులను రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. దాహానికి తెచ్చుకుంటున్నారనుకున్నాను. ఇక ఆ ధబ్బున చప్పుడు... నేను కిటికీ వెనక, తడి గోనెపట్టా చల్లదనంలో, "ఏందమ్మా అది?" అని కూర్చున్నచోటి నుంచే అడిగినవాణ్ని. జానకీబాయి గారి వైపు చూశాను. ఆమె బర్రె వైపు చూస్తున్నారు. రెండేళ్లపాటు ఆ నిందనంతా మోసింది ఆ బర్రె. నా మొహం చిన్నబోకుండా ఒక్కనాడూ ఆమె నోరు జారలేదు.

కొండల్‌రావు గారు మూత మళ్లీ కుండ మీద పెట్టారు. చేతిలో ఉన్న గడ్డపారను ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

"తెచ్చినవ్ గద" అన్నారు జానకీబాయి గారు. "చివరి కుండ జర ఒరిగింది. సరిచేసి పో. గడ్డపారకు ఒక్కటే పనా?"

ఆయన సరిచేశారు. వెనక వచ్చిన పదిమందిలో నలుగురు మన్ను తొక్కారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులకు వాన పడింది. కప్పతల్లి మహిమ అన్నారు కొండల్‌రావు గారు. జానకీబాయి గారు కాదనలేదు. ఆ గంటలో ఆమెకు చూరు కింద బిందెలు పెట్టే పని ఉంది. మరుసటి ఎండకాలం బడి ముందు, ఆ తర్వాత బస్సు ఆగేచోట, వత్తి కుండలు కనబడ్డాయి. కొండల్‌రావు గారి వాకిట్లో కూడా ఒకటి వెలిసింది. ఆయన ఇప్పుడు పుక్కిలించేది అందులోకే అని గిట్టనివాళ్లు అనేవారు.

నేను మంగళవారం మంగళవారం బల్లను బయటికి జరిపేవాణ్ని. సంచి కానుగల కిందే విప్పేవాణ్ని. చదువు రానివాళ్లకు ఉత్తరాలు అక్కడే కూర్చుని చదివి పెట్టేవాణ్ని. ఎవరి ఉత్తరంలో ఏ మాట దగ్గర కొంచెం ఆగాలో కూడా మెల్లగా నేర్చుకున్నాను.

తొంభై ఒకటి వచ్చేసరికి చెట్లు కమ్ముకున్నాయి. పిట్టలు చేరాయి. ఒక మంగళవారం మస్కట్ ఉత్తరం మీద ఒకటి, నా చొక్కా మీద రెండు, అప్పుడే వేసిన ముద్ర మీద ఒకటి రెట్టలు పడ్డాయి. లేచి గడప దగ్గరికి పోయి గట్టిగానే అడిగాను.

"అమ్మా, గీ పిట్టలతోని పరేషాన్ అయితున్న. ఒక్క ఉత్తరం సాఫ్‌గ ఉంటలేదు. గీ కొమ్మలు జర కొట్టిద్దామా?"

ఆమె బియ్యం కడిగిన నీళ్లు వంచుతూ, తల ఎత్తకుండానే అన్నారు:

"గా నీడ మొదటి పని గా ఆడోళ్లకు, రెండో పని నీకు, మూడో పని పిట్టలకుండొద్దా బిడ్డా?"