సుబేదారిలో మా సిబ్బి ఆట

మా చిన్నప్పుడు... పొద్దుగూకే వేళకు సుబేదారిలో మా గల్లీ అంతా వినబడేలా మా అమ్మ అడిగే ప్రశ్న ఒక్కటే. "సదిగా, సిబ్బేడ వెట్టినవ్‌రా? అన్నం ఉడుకుతాంది."

సిబ్బి అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఉడికిన అన్నం గిన్నెకు అడ్డం పెట్టి గంజి వంపే చిల్లుల పళ్లెం. మాది అల్యూమినియంది. విసిరితే చిల్లుల్లోంచి గాలి దూరి సన్నగా ఈల వేసేది... ఆ ఈల కోసమే దాన్ని ఎత్తుకెళ్లేవాళ్లం.

ఎక్కడికంటారా... ఆఫీసర్ల గోల్ఫు మైదానానికి. పేరుకే గోల్ఫు. గడ్డి తక్కువ, ఎర్రటి మొరం రాళ్లు ఎక్కువ. అక్కడక్కడా చిన్న గుంతలు, గుంతకో జెండా కర్ర. ఆదివారం పొద్దున సార్లు వచ్చి తెల్ల బంతిని కర్రతో దూరంగా కొట్టి, మళ్లీ దాన్నే వెతుక్కుంటూ ఎండలో నడిచేవారు. అందులో ఏం సంబరముందో మాకు అర్థమయ్యేది కాదు. మిగతా రోజులు ఆ మైదానం మాది, మేకలది. ఒక జెండా దగ్గర నిలబడి ఇంకో జెండా మీదికి సిబ్బి విసరాలి. తక్కువ విసుర్లలో కర్రను 'టంగ్'మనిపించినవాడు గెలిచినట్టు.

మొన్న మా మనవడు ఫోనులో చూపించాడు... ఏదో దేశంలో గడ్డాలు నెరిసినవాళ్లు ప్లాస్టిక్ పళ్లేలతో ఇదే ఆట ఆడుతున్నారు. డిస్క్ గోల్ఫట. గంజి వాసన లేని ఆట అదేం ఆటో... సరే, అసలు సంగతికి వస్తాను.

నా జోడీ యూసుఫ్. పక్కింటి ఖాజాబీ చిన్నమ్మకు ఒక్కగానొక్క కొడుకు. టైలర్ దుకాణంలో కాజాలు కుట్టడం నేర్చుకుంటున్నాడు. రేడియోలో క్రికెట్ కామెంటరీ అంటే ప్రాణం.

ఆ రోజు ఆదివారం కాదు. ఎందుకో సార్లు వచ్చారు. మైదానం మధ్యనున్న మట్టి దిబ్బకు అవతల ఉన్నారు, మాకు కనిపించలేదు. యూసుఫ్ జెండా దగ్గర నిలబడ్డాడు. నేను సిబ్బి విసరబోతుండగా దిబ్బ అవతలి నుంచి గట్టిగా కేక... "ఫోర్!"

బంతి వస్తోంది, తప్పుకోండి అని దాని అర్థమట. మాకు తెలిసిన ఫోర్ ఒక్కటే. యూసుఫ్ నవ్వుకుంటూ అంపైరులాగా చెయ్యి అటూ ఇటూ ఊపాడు... ఊపుతూనే కింద పడ్డాడు.

కుడి కంటికి తగిలింది. వేళ్ల సందుల్లోంచి రక్తం. "సదీ, జర జూడురా... కన్ను ఉన్నదా?" అంటున్నాడు. ఆ చెయ్యి తీసి చూసే ధైర్యం నాకు లేదు. "ఉన్నది తియ్" అన్నాను, చూడకుండానే.

మైదానంలో గడ్డికి నీళ్లు పట్టే మాలీ కొమురయ్య తాత పరుగెత్తుకొచ్చాడు. "ఫోర్ అంటె ఉరకాలె గాని నిలవడ్తరార?" అని తిడుతూనే తలపాగా విప్పి కన్నుకు కట్టాడు. బంతి కొట్టిన సారే వాణ్ని జీపులో దవాఖానకు తీసుకెళ్లాడు.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గరుంది. "సిబ్బేదిరా" అంటూ తల తిప్పి, నా అంగీ మీద రక్తం చూసి ఆగిపోయింది. ఆ పూట గంజి వంపలేదు. అన్నం ముద్దయింది... ఎవరూ తినలేదు.

దవాఖానలో కట్టు కట్టి, విప్పాకే చూపు సంగతి చెబుతామన్నారు. ఖాజాబీ చిన్నమ్మ మంచం పక్కనుంచి కదలలేదు. "కన్ను లేనోని చేతికి సూది ఎవలిత్తరక్కా?" అని మా అమ్మను అడిగేది. అమ్మ గుడిలో మొక్కింది, దర్గాలోనూ మొక్కింది... ఎవరు వింటే వారే అనుకుంది.

కట్టు విప్పిన పొద్దున డాక్టరు మంచి కన్నును అరచేత్తో మూసి, ముందుకు వంగి అడిగాడు. "ఏమన్న కనవడ్తాందా?"

యూసుఫ్ కట్టు విప్పిన కన్నును చికిలించాడు. చిన్నమ్మ గోళ్లు నా భుజంలోకి దిగుతున్నాయి. వాడన్నాడు... "గుండ్రంగ... మెరుస్తాంది... సిబ్బి లెక్క."

అది డాక్టరు బట్టతల.

ముందు ఆయనే నవ్వాడు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చూపు పూర్తిగా రాలేదు. సూదిలో దారం ఎక్కక యూసుఫ్ ఆ పని మానేసి, సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు.

ఇప్పుడా మైదానం నిండా అపార్ట్‌మెంట్లు. కుక్కర్లు వచ్చి సిబ్బి పోయింది. టీవీలో ఫోర్ కొడితే ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు... నా తల మాత్రం దానంతటదే వంగుతుంది. కాసేపటికి యూసుఫ్ ఫోను. "వంచినవా?" "వంచిన." అంతే, పెట్టేస్తాడు.

మీ ఇంట్లో అటక మీద సిబ్బి ఇంకా ఉంటే... ఒక్కసారి విసిరి చెప్పండి, ఈల వేస్తుందో లేదో. నేనది విని చాలా ఏళ్లయింది...