మూడుసార్లు తట్టి ఆగాలి

ఇప్పుడే మళ్ళీ వినిపించింది. టక్, టక్, టక్. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగుకు గిన్నెలు అదిరి సద్దుమణిగాక, ఆ మూడు దెబ్బలు మెల్లగా, విడివిడిగా. మీ సునీత పిన్ని నా గది బయట నిలబడి ఉంది. తలుపు తీసే ఉన్నా, నేను రమ్మనేదాకా రాదు. మొన్న వీడియో కాల్‌లో మీరు నవ్వారు కదా, సొంత ఇంట్లో ఈ తట్టడమేమిటి అమ్మమ్మా అని. అది ఫోనులో చెప్పే సంగతి కాదు. పుణెలో మీరూ పెద్దవాళ్ళవుతున్నారు, అందుకని రాస్తున్నాను. ఇది నేర్పింది శకుంతల టీచర్. మీరు ఆమెను చూడలేదు. పోయిన వానాకాలంలో చనిపోయింది.

పిన్నికి మాట, ఆలోచన నెమ్మది అని మీకు తెలుసు. అలాంటి వాళ్ళకోసం టీచర్ మా కాలనీలో ఒక పాత క్వార్టర్‌లో బడి నడిపేది. కొంగు నడుముకు బిగించి రోజంతా నిలబడే మనిషి. గొంతు పెంచగా నేను వినలేదు. పిన్నికి ఇరవై ఏళ్ళప్పుడు మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళి, టీచర్‌కు ముద్దివ్వమన్నాను. వెంటనే ఇచ్చింది. ఎవరు ఏం చెబితే అది చేసే పిల్లగా పెంచానని నాకు గర్వం. మన క్వార్టర్ల లైనులో ప్రతి మగవాడూ అన్న, మామ, కాక. పరాయివాడంటూ ఎవరూ లేరు. ఒక కాక ఆమె బుగ్గ గిల్లేవాడు, ఒక మామ దగ్గరికి లాక్కునేవాడు. ఎదిగిన ఆడపిల్ల అని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. టీచర్ కాసేపు చూసి అడిగింది.

"లచ్చక్కా, నీ బిడ్డకు వద్దు అనుడు వస్తదా?"

"అట్ల అనదు టీచరమ్మా. మస్తు మంచిది."

"మంచిది గాదక్కా. తలుపు లేని ఇల్లు గట్టినవ్ దానికి."

నాకు కోపం వచ్చింది. అయినా పంపాను. అక్కడ లెక్కల కన్నా ముందు తలుపు తట్టడం నేర్పింది. తట్టాలి, ఆగాలి, రమ్మంటేనే వెళ్ళాలి. ఎవరైనా ముట్టుకునే ముందు అడగాలి, నేను జడ వేసేటప్పుడు కూడా. ఒంట్లో ప్రతి భాగానికీ ఉన్న పేరు సిగ్గు లేకుండా చెప్పించింది. ఈమెకు ఇవన్నీ ఎందుకని నేను ఇంటికొచ్చి గొణిగేదాన్ని.

ఆ రోజుల్లో మల్లేశం అని ఒకడు మన ఇంటికి వచ్చేవాడు. అదే లైను, తాతతో ఇరవై ఏళ్ళుగా ఒకే షిఫ్టు. వస్తూ జిలేబీ తెచ్చేవాడు. కొన్నాళ్ళకు, అతని గొంతు వినగానే పిన్ని పెరట్లోకి వెళ్ళి దాక్కోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద తెలియదా అని తిట్టి, రెక్క పట్టుకుని లాక్కొచ్చి అతని పక్కన కూర్చోబెట్టాను. ఆ చెయ్యే ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తోంది. నాకు చెప్పి లాభం లేదని తెలిసిందేమో, మర్నాడు వెళ్ళి టీచర్‌కు చెప్పుకుంది. మేము లేనప్పుడు అతను ఇంట్లోకి వచ్చాడు. అంతకంటే మీకు అక్కర్లేదు.

ఆ సాయంత్రం టీచర్ పిన్నిని వెంటబెట్టుకుని వచ్చి, అంతా మాకు చెప్పింది. సంగతి ఎలా పొక్కిందో, చీకటి పడకముందే లైనులో పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. మల్లేశం పరువు, మల్లేశం కూతురి పెళ్ళి, మల్లేశం ఉద్యోగం. గంటసేపు అవే మాటలు. నా బిడ్డ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఇన్నేళ్ళయినా అది తలచుకుంటే నా ఒళ్ళు మండుతుంది. పక్కింటి రాజవ్వ చివరికి అనేసింది, "దానికి తెలివే లేకపాయె. దాని మాట పట్టుకొని మనిషిని బద్నాం జేస్తరా?"

"కూరల ఉప్పెక్కువైతే చెప్తది గద అవ్వా," అంది టీచర్. "గప్పుడు నమ్ముతరు."

తాత తల ఎత్తలేదు. రేపు మల్లేశంతోనే గనిలోకి దిగాలని మాత్రం అన్నాడు. తాత గనిలో సర్దారు, అంటే కార్మికుల భద్రత చూసే పెద్ద. షిఫ్టు మొదలుకాకముందు కర్రతో గని పైకప్పు తట్టి చూడటం ఆయన పని. గట్టిగా మోగితే మనుషులు వెళ్తారు, బోలుగా మోగితే ఎవరినీ వెళ్ళనివ్వడు. టీచర్ ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది.

"సర్దారన్నా, నిన్న కప్పు మంచిగుండె గద అని ఇయ్యాల తట్టకుంట పంపుతవా?"

"పంప."

"ఇరవై ఏండ్ల సంది గీ కప్పు కిందనే పనిజేస్తున్నం, ఏం గాదు అని నలుగురొచ్చి చెప్తే ఇంటవా?"

తాత అప్పుడు తల ఎత్తాడు. "ఇనను," అన్నాడు. లేచి అంగీ తొడుక్కున్నాడు.

పోలీస్ స్టేషన్‌లో ఎస్ఐ ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు, పిన్ని అక్కడ లేనట్టే. టీచర్ చేతులు జోడించి, "ఆమెనే అడుగుండ్రి సార్. జర ఆగుండ్రి, చెప్తది," అంది. ఆగాం. అంతసేపు ఎవరూ పిన్ని మాటకోసం ఆగడం నేనెప్పుడూ చూడలేదు, నేనూ ఆగలేదు. చివరికి చెప్పింది. "కాక తలుపు వెట్టిండు. వద్దన్న. ఇనలే."

ఏళ్ళు పట్టింది కానీ అతనికి శిక్ష పడింది. మాకూ పడింది. లైనులో ఏ పెళ్ళికీ మమ్మల్ని బొట్టుపెట్టి పిలవలేదు. మల్లేశం ఇంటికి మాత్రం అందరూ వెళ్ళి ఓదార్చి వచ్చారు.

ఇప్పుడు పిన్ని పనిచేసే విస్తరాకుల కేంద్రంలో రవి ఉన్నాడు. అతనిదీ పిన్ని లాంటి నెమ్మదే. ఆదివారం ఆదివారం వస్తాడు. చెయ్యి పట్టుకోనా అని అడుగుతాడు. ఒక్కోసారి ఇస్తుంది, ఒక్కోసారి ఇయ్యాల వద్దంటుంది. అతను సరేనని బిస్కెట్లు తింటాడు. అప్పుడు పిన్నికి తెలివే లేదన్న రాజవ్వే ఇప్పుడు గోడ మీంచి అడుగుతుంది, "గా పిల్లకు గిసొంటియి ఎందుకే?" ఏడ్చినప్పుడు పసిపిల్ల అన్నారు. సంతోషంగా ఉంటే ఈడొచ్చిన ఆడది గుర్తొచ్చింది వీళ్ళకు. నాకూ భయమేసి, రవిని రావద్దని చెప్పనా అని టీచర్‌ను అడిగాను. అప్పటికే మంచం పట్టింది. "వద్దు అనుడు నేర్పినం గదక్కా," అంది. "ఇగ ఊఁ అనుడు గూడ దానిదే."

పోయిన ఆదివారం వాళ్ళిద్దరికీ చాయ్ తీసుకెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నవ్వులు. నా చెయ్యి పాత అలవాటుతో తోయబోయి, ఆగింది. మూడుసార్లు తట్టాను.

"ఆగమ్మా," అంది పిన్ని.

చాయ్ మీద మీగడ కట్టేదాకా అక్కడే నిలబడ్డాను.