గుర్వమ్మ కడుపులోని గడ్డ

మందలో ఏ గొర్రె కుంటుతోందో అల్లంత దూరం నుంచే పసిగట్టే మా ఐలేశం, భార్య గుర్వమ్మ పొత్తికడుపు పట్టుకుని వంగి నడుస్తుంటే మాత్రం ఎండదెబ్బ అనుకున్నాడు. వాళ్ల ఊరు మోత్కూర్ కొత్త జిల్లాలోకి పోయినా అతనికి దవాఖాన అంటే నల్లగొండే. అక్కడికి తీసుకెళ్తే ఇరవై నాలుగు గంటల నొప్పి అని తేల్చి, ఆ రోజే అపెండిక్స్ తీసేశారు.

తీసినదాన్ని మందునీళ్ల డబ్బాలో వేసి నర్సు అతని చేతికిచ్చింది. "కొసకు గడ్డ ఉన్నది. పక్క గల్లీల ల్యాబ్‌ల ఇచ్చి రా, కోసి చూస్తరు."

ల్యాబ్‌లో బల్ల మీద అలాంటి డబ్బాలు చాలా ఉన్నాయి. చూశాక ఏం చేస్తారని అడిగాడు.

"ఏం జేస్తం? పడేస్తం."

ఐలేశానికి మనసొప్పలేదు. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు మాయను కుక్కలు ముట్టకుండా లోతుగా పాతిపెట్టింది అతనే. గుర్వమ్మ దగ్గర కూతురు నాగరాణి ఉందన్న ధీమాతో బస్సెక్కి ఊరికొచ్చాడు. తమ చెలక పొలం గట్టున గుంట తీసి, పసుపు వేసి మరీ ఆ ముక్కను పాతిపెట్టాడు. తిరిగొచ్చి నర్సుతో "ఇచ్చిన" అన్నాడు.

కుట్లు విప్పే రోజు, గుర్వమ్మను నర్సు లోపలికి తీసుకెళ్లాక డాక్టరమ్మ అతన్ని రిపోర్టు అడిగింది. తల వంచుకుని నిజం చెప్పాడు.

"ఈ గడ్డలన్నీ ఒక్కతీరు ఉండయి, పెద్దాయనా. కొన్ని ఏం జెయ్యవు, తీసేస్తే అయిపోతది. కొన్నిట్ల జిగురుంటది, పగిలితే కడుపంతా పాకుతది. కొన్ని క్యాన్సరే, పెద్దపేగు గూడ కొంత తియ్యాలె. ఇది ఏ తీరుదో ముక్క చూస్తెనే తెలుస్తది."

"తవ్వుకొస్తనమ్మా!"

"ఇన్ని దినాలైనంక ఇంకేం పనికొస్తది?"

అప్పటి నుంచి స్కానింగులే. ప్రతిసారీ "ఇప్పటికైతే ఏం లేదు" అంటారు. ఆ "ఇప్పటికైతే" దగ్గరే ఐలేశం ప్రాణం ఆగిపోతుంది. గుర్వమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుంటే చాలు, అతనికి ముద్ద దిగదు. పాపం చేశానని లోలోపల కుమిలిపోతూ వచ్చాడు.

మొన్న తిరుగు బస్సులో గుర్వమ్మ విసుక్కుంది. "ఏం లేదంటున్రు గదా, ఇంకెన్నిసార్లు తిప్పుతవ్?"

అతనిక ఆపుకోలేకపోయాడు. "గా ముక్క నేను ల్యాబ్‌ల ఇయ్యలే. చెలక కాడ పాతిపెట్టిన. అదుంటే నీ గడ్డ మంచిదో చెడ్డదో తెలుస్తుండె. నిన్ను ఆగం జేసిన, గుర్వమ్మా."

ఆమె కొంగు సర్దుకుని అతని వైపు తిరిగింది.

"పసుపు ఏసినవా?"

"ఏసిన."

"మంచిగ జేసినవ్ తియ్. నా ఒంటిది కుక్కల పాలు గానియ్యలే."

తిట్టి ఉంటే మోసేవాడు. ఆ మాట మోయలేక, మోత్కూర్ వచ్చేదాకా తువ్వాలలో ముఖం దాచుకుని ఏడ్చాడు.