బొమ్మల సినిమా కింద పెళ్లి క్యాసెట్

జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన భూమేశ్ మస్కట్ పక్కన ఘాలాలో సిమెంటు ఇటుకలు పోసే కంపెనీలో కూలి. రూమ్‌లో అందరినీ కడుపుబ్బ నవ్వించే మనిషి. పంతొమ్మిది వందల తొంభైలో, కూతురు సింధూజ విషజ్వరంతో పోయిందని కబురొచ్చాక ఆ నోరు మూతపడింది. పాస్‌పోర్టు అర్బాబు, అంటే అరబ్బు యజమాని, బీరువాలో ఉంది. ఊరికి పోతాననడానికి లేదు, కూర్చుని ఏడవడానికీ లేదు, తెల్లారితే డ్యూటీ.

కూతుర్ని అతను కళ్లారా చూసిందే లేదు. భార్య యాదవ్వ కడుపుతో ఉన్నప్పుడే విమానమెక్కాడు. తర్వాత ఒక ఫోటో వచ్చింది, అందులో కళ్లు మూసుకున్న పసిగుడ్డు. ఇక మిగిలింది ఒక్కటే. బావమరిది పెళ్లిలో సింధూజ బ్యాండు ముందు చిందులేసి ఎగిరిందట, వీడియోలో పడిందట. ఊళ్లో వీసీఆర్ లేక యాదవ్వ కూడా చూడలేదు. “ముందు నువ్వు సూడు” అని, సెలవు నుంచి తిరిగొస్తున్న రూమ్‌వాడు భీమన్న చేత క్యాసెట్ పంపింది.

భీమన్నది అతిజాగ్రత్త. పేరు రాసిన క్యాసెట్లను ఎయిర్‌పోర్టులో చెకింగ్‌కని పట్టుకుంటారని ఎవరో చెబితే, లేబుల్ గీకేసి ఖాళీదానిలా తెచ్చాడు. ఏం తెలివండీ, ఆ తెలివే కొంప ముంచింది! భూమేశ్ శుక్రవారం చూద్దామని దాన్ని ఖమరుద్దీన్ వీడియో షాపులో ఉంచాడు. ఖమరుద్దీన్‌ది కడప, మంచివాడే. ఈలోగా ఒక కుర్రాడు జపాను సినిమా కాపీ కావాలని ప్రాణం తీస్తే, చేతికందిన లేబుల్ లేని క్యాసెట్ మీద ఎక్కించేశాడు. ఆ కుర్రాడేమో మళ్లీ రానేలేదు.

శుక్రవారం నమాజయ్యాక క్యాసెట్ పెడితే, పెళ్లిపందిరి బదులు గీసిన బొమ్మ మనుషులు కేకలు పెడుతున్నారు.

“ఇదేంది ఖమర్ భాయ్?”

ఖమరుద్దీన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “లేబుల్ లేకుంటే ఖాళీదనుకుంటి భాయ్. జపానోళ్ల సైన్సు కథ, ముందు బొమ్మల పుస్తకంగా వచ్చిండెనంట. మాఫ్ చెయ్.”

భూమేశ్ అతని గల్లా పట్టుకున్నాడు, మళ్లీ వదిలేశాడు. కొట్టి ఏం లాభం?

“సినిమా చిన్నది. అది అయిపోయినాక మీ పెళ్లి కొంచెం మిగిలుంటాది. ఫార్వర్డ్ కొట్టేదా?”

“వద్దు. నీ మిషన్ రీలు నములుతది.”

అలా కూర్చున్నాడు. ఆకాశం నుంచి రాలిన గింజ మనుషుల ఒంట్లో మొలకెత్తి ముఖాలను లోపలి నుంచి తినేస్తోంది. ఒక్కో ముఖం మైనంలా కారిపోతోంది. భూమేశ్‌కు దయ్యాల భయం లేదు. అయిపోవే, నీకు దండం పెడతా, నా బిడ్డ వచ్చేలోపు అయిపోవే అని టీవీకి చేతులు జోడించాడు. ఊరంతా చచ్చింది అనుకునేసరికి ఇంకో ఊరు మొదలైంది.

చివరికి తెర మీద తెల్లగీతలు కొట్టుకుని, పెళ్లి వచ్చింది. బ్యాండు లేదు, ఎగరడం లేదు. భోజనాల బంతి. ఆ వరసల మధ్యలోంచి యాదవ్వ నడిచి పోయింది. భుజాన నిద్రపోయిన పిల్ల. ముఖం తల్లి మెడలో దాచుకుంది, పట్టీలున్న కాళ్లు మాత్రం వేలాడుతున్నాయి. కెమెరావాడు, వాడి చేతులు పడిపోను, అన్నం గంపల వైపు తిరిగాడు. అంతే.

ఖమరుద్దీన్ రీలు నలగకుండా మెల్లగా వెనక్కి తిప్పుతూ అదే ముక్క మళ్లీ మళ్లీ వేశాడు. పిల్ల ఒక్కసారీ ఇటు తిరగలేదు.

తర్వాతి వారం యాదవ్వ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. “సూసినవా?”

నిజం చెబుదామని నోరు తెరిచాడు. “సూసిన.”

“ఎగిరిందా?”

“మస్తు ఎగిరింది.”

“మొఖం మంచిగ కనవడ్డదా? ఎవరి పోలికున్నది?”

“నీ పోలికే.”

“కాదయ్యా. అచ్చం నువ్వే. సక్కగ సూడలేదు నువ్వు. మల్లొక్కసారి సూడు.”

“సూస్త” అన్నాడు భూమేశ్.