సీతమ్మ ముఖం మీది మసి

దేవుడు గడప దాటకూడదన్నారు. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

పాత చిత్రాలను శుభ్రం చేసి, రంగు ఊడిపోకుండా నిలబెట్టడం నా వృత్తి. ఎవరి పటమైనా ఖమ్మంలోని నా గదికి తెచ్చుకుని, కిటికీ పక్కన పెట్టుకుని, పాటలు వింటూ పనిచేస్తాను. పినపాక దగ్గరి ఈ ఇంట్లో మాత్రం నేనే పటం దగ్గరికి వెళ్లాలి. తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా పూజగదిలో కూర్చోవాలి. దానికి కిటికీ లేదు. తలుపు తీసి ఉంచుదామంటే కోళ్లు వస్తాయట. నాలుగడుగులు వేస్తే గోడ తగిలే ఆ గదిలో టేబుల్ లైటు, నేను, పట్టాభిషేకం పటం. మూడో రోజుకే నాకు ఊపిరాడలేదు.

ఆ పటం వేసింది ఇంటి పెద్దావిడ తండ్రి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న రైతు. చెక్క మీద ఆయిల్ రంగులతో రాముడి కొలువంతా దింపి, సీతమ్మకు మాత్రం, పెద్దావిడ పసితనంలోనే చనిపోయిన తన భార్య ముఖం పెట్టాడట. ఆ తల్లిది ఫోటో ఒక్కటీ లేదు. ఏళ్ల తరబడి దీపాల మసి, అగరొత్తుల పొగ, నూనె జిడ్డు కలిసి ఆ ముఖాన్ని మింగేశాయి. పెద్దావిడకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ నెలల్లోనే పోతుందని, ఇక మందు లేదని డాక్టర్లు చెప్పేశారు.

"మా అమ్మ ముఖం నాకు యాదికి లేదు బిడ్డా. ఈ కన్ను పోకముందే ఒక్కసారి చూపియ్యి, చాలు," అంది మొదటిరోజు. నాది ఇల్లందు అని తెలిసి, "బొగ్గుబాయిల ఊరా? ఇంకేం, మసి నీకు చుట్టమే గదా!" అని నవ్వింది కూడా.

చుట్టమే గానీ లొంగలేదు. నీళ్లకు జిడ్డు కదల్లేదు. జిడ్డు కరిగించే మందుతో బుగ్గ అంచున తాకిస్తే దూదికి ఎర్రగా అంటింది. వస్తున్నది మసి కాదు, బుగ్గ! వెంటనే ఆపేసి, మరో పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి మెల్లగా తిప్పాను. మసి వచ్చింది, రంగు రాలేదు.

మా పనిలో ఇది మామూలే. ఉమ్మి జిడ్డును విడగొడుతుంది, రంగు జోలికి పోదు. పెద్ద పెద్ద మ్యూజియంలలోనూ ఇలాగే చేస్తారు. ఏళ్ల అలవాటు, చేయి దానంతటదే నోటికి వెళ్లింది. నాలుగో దూది నోట్లోంచి తీస్తుంటే ఎదురుగా హారతి పళ్లెం కనబడింది. ఓరి దేవుడా, నేనెక్కడున్నాను! ఎంగిలి చెంచా తగిలితే గిన్నెడు కూర పారబోసే ఇంట్లో, సీతమ్మకు నా ఎంగిలి పూశాను.

అప్పటికే ఒక కన్ను బయటపడింది. దాని మీద కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. దేవతకు ఎవరూ గాటు వేయరు. అది ఆ తల్లిదే.

ఇక ఆపలేను, సగం ముఖం నల్లగా ఉంది. చెప్పనూ లేను. పెద్దావిడ కొడుకు ముందే అన్నాడు: "చెయ్యి ఇరిగిన కిష్ణుడి బొమ్మను గోదాట్ల కలిపినం మేడం. దోషం తగిలినయి ఇంట్ల పెట్టుకోవద్దు." ఉమ్మిలాగే పనిచేసే మందు హైదరాబాదు నుంచి తెప్పించుకోవచ్చు. కానీ తెప్పించి ఏం లాభం? అంటిన ఎంగిలి పోతుందా?

నోరు మూసుకుని, అంటే నోరు వాడుతూనే, కానిచ్చాను. ఖాళీ కడుపుకు నోరెండిపోయేది. పచ్చి చింతకాయను తలుచుకుని నీళ్లూరించుకునేదాన్ని. నవ్వకండి. బయట అడుగుల చప్పుడైతే పుల్లను చున్నీలో దాచేదాన్ని. రాముణ్ని ఇంత దగ్గర పెట్టుకుని శబరి గుర్తుకు రాకుండా ఉంటుందా? కానీ ఆవిడది భక్తి, నాది దొంగతనం. నా మీద నాకే అసహ్యం వేసింది.

తొమ్మిదో రోజు ముఖం పూర్తయింది. కొడుకు మణుగూరు వెళ్లాడు. పెద్దావిడ పూలు, వెలిగించిన దీపం పట్టుకుని లోపలికొచ్చింది. దీపం సీతమ్మ ముందు పెట్టి, పూలు కొంగులో వేసుకుని, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"అవ్... గాటు! కొడవలి తగిలిందని నాయిన చెప్తుండె," అంది. రెండు చేతులతో ఆ ముఖాన్ని తాకి కళ్లకద్దుకోబోయింది.

నా వల్ల కాలేదు. "ఆగండి పెద్దమ్మా," అని ఉన్నదంతా చెప్పేశాను.

"నోట్లనా?" అంది.

"అవును."

"ముఖమంతనా?"

"ముఖమంతా. తప్పయిపోయింది పెద్దమ్మా." ఏడుపు ఆగలేదు నాకు.

ఆవిడ పీట మీద కూలబడింది. పూలు ఒళ్లోకి జారాయి. "నా కొడుక్కి తెల్సా?"

"తెలీదు."

"తెలిస్తే రేపే గోదాట్ల కలుపుతడు."

ఆవిడ పీట మీంచి లేచింది. ఒళ్లోని పూలను పక్కనున్న వెంకన్న పటానికి పెట్టింది. సీతమ్మ ముందున్న దీపాన్ని కొండెక్కించింది.

"ఇంక దీనికి పూజ చెయ్య. ఓ చెయ్యి పట్టు బిడ్డా, నా మంచం కాడికి తీస్కపోదాం."

"మరి మీ అబ్బాయికి ఏం చెప్తారు?"

"కండ్లు పోతున్నయి, దగ్గర పెట్టుకుంటనంట. ఉన్న మాటేనాయె."

అటు ఆవిడ, ఇటు నేను పట్టుకుని లేపాం. బరువైనా ఆవిడ పట్టు వదల్లేదు.

"దేవునికైతే ఎంగిలి పనికిరాదు బిడ్డా," అంది. "మా అమ్మ బతికినన్ని దినాలు నా ఎంగిలే తిన్నది."